మా ఊరి పికప్, మా హాస్టల్ పిల్ల
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



థింసా గురించో, మన భాషల గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడే ఉన్నారు. నేను ఒక పాత పికప్ బండి గురించి చెబుతాను.

అది మా చిన్నాన్న కొడుకుది. 2006 మోడల్. మా పసుపు, అల్లం, మిరియాలు సంతకు మోసేది అదే. కొండ మీద నుంచి డోలీలో దించిన గర్భిణిని రోడ్డు దగ్గర అందుకొని పాడేరు ఆసుపత్రికి చేర్చేదీ అదే.

పోయిన ఏడాది మార్చిలో ఘాటీ ఎక్కుతుండగా రేడియేటర్ కారిపోయింది. వేడి ముల్లు ఎర్ర గీత దాటినా, సంతకు ఆలస్యమవుతుందని తమ్ముడు బండి ఆపలేదు. హెడ్ గాస్కెట్ పోయింది. గేజి పుల్ల తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంది. బ్లాకు పగిలింది, బోరు చేయించినా నిలవదని మేస్త్రీ చెప్పేశాడు. కొత్త బండి అంటే ఏళ్ల తరబడి వాయిదాలు. అందుకే అదే మోడల్ పాత ఇంజన్ ఒకటి విశాఖలో తుక్కు బండ్ల దగ్గర కొన్నాం. నేనూ చేబదులు ఇచ్చాను.

తమ్ముడు వెంటనే ఎక్కించేద్దామన్నాడు. "ఎందుకు అమ్మారో తెలీని ఇంజన్ అక్కా. విప్పి చూడకుండా ఎక్కిస్తే మళ్లీ దించాల్సి వస్తుంది" అన్నాడు మేస్త్రీ.

అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసి ఊరొచ్చిన మా హాస్టల్ అమ్మాయి ఒకతి రోజూ ఆ షెడ్డు దగ్గర నిలబడేది. "నీకెందుకమ్మా ఈ నూనె పని, ఇంటికెళ్లు" అన్నది ఎవరో కాదు, నేనే. తను వెళ్లలేదు. పిస్టన్లు, బేరింగు క్యాపులు ఏ సిలిండరువి ఆ సిలిండరుకే తిరిగి పడాలి కాబట్టి, విప్పినదానికల్లా నంబరు చీటీ కట్టింది.

రెండు రింగులు అతుక్కుపోయి ఉన్నాయి, క్రాంకు అరిగింది. క్రాంకును గ్రైండింగ్ చేయించి, దానికి తగ్గ అండర్‌సైజ్ బేరింగులు వేశారు. రింగులు, గాస్కెట్లు, ఆయిల్ సీళ్లు కొత్తవి. హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, విడతలుగా టార్క్ రెంచితో బిగించారు. ఎందుకలా అని అమ్మాయి అడిగింది. ఒక పక్కే బిగిస్తే హెడ్ వంకర పోతుందన్నాడు మేస్త్రీ. బి.ఎడ్. చదివిన నేను, నొక్కిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుందని బోర్డు మీద ఎన్నోసార్లు బొమ్మ గీశాను. క్రాంకు చేత్తో తిప్పి ఆ గాలి ఎదురు నొక్కడం నేను తెలుసుకున్నది మాత్రం ఆ రోజే, ఆ అమ్మాయి పక్కన.

చైన్ బ్లాకుతో ఇంజన్ ఎక్కించారు. కొత్త రేడియేటర్ వేశాకే స్టార్టు చేశారు. మొదటి వెయ్యి కిలోమీటర్లు తక్కువ బరువుతో నడిపి ఆయిల్ మార్చారు.

మన కుర్రాళ్లకు ఒక మాట. ఇంజన్ మారితే నంబరు మారుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూడండి. రవాణా కార్యాలయంలో చెప్పి ఆర్.సి.లో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. ఇంజన్ కొన్న రసీదు దాచుకోండి. లేకపోతే దొంగ ఇంజన్ అంటే జవాబుండదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా చిక్కే.

జూలైలో ఒక వానరాత్రి డోలీ దిగింది. బండి సిద్ధంగా ఉంది. తల్లీబిడ్డా క్షేమం.

ఆ అమ్మాయి ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ ట్రేడ్‌లో చేరతానంది. వాళ్లమ్మ సంతకం పెట్టనంది. "మీరే వద్దన్నారు కదా మేడమ్" అంది. ఒక్కసారి అన్న ఆ మాట వెనక్కి తీసుకోవడానికి వాళ్లింటికి మూడుసార్లు తిరిగాను. చివరికి సంతకం పెట్టింది. అమ్మాయి చేరింది.

ఇక్కడున్న తోటి టీచర్లు, వార్డెన్లు నాలా తొందరపడి ఏ పిల్లనూ షెడ్డు దగ్గర నుంచి పంపేయొద్దని చెప్పడానికే ఇదంతా చెప్పాను.