చివరి ఆయకట్టు చెప్పిన పాఠం

ఈ స్మారకోపన్యాసం ఏ మాస్టారి పేరిట జరుగుతోందో, ఆయన ఊరి గ్రంథాలయ సంఘం జమాఖర్చులు ఏటా సభ్యులందరి ముందూ పైసాతో సహా చదివి వినిపించేవారు. అందుకే ఆయన స్మృతికి జమాఖర్చులున్న కథనే ఎంచుకున్నాను.

మన ఊళ్లలో వెనకటికి ఐకమత్యం ఉండేదనీ, ఇప్పుడు పోయిందనీ తరచూ వింటుంటాం. ఒక ఊళ్లో ఉన్న కట్టుబాటు పక్క ఊళ్లో ఎందుకు లేదో మాత్రం అడగం. ఆ ప్రశ్న పట్టుకుని రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు 1970ల చివర్లో కర్నూలు ప్రాంతం తిరిగాడు. కాలువ కింది ఊళ్లు 31 పరిశీలించి, 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అనే పుస్తకం వెలువరించాడు. అసలు పేరు దాచి ‘కొత్తపల్లె’ అని పిలిచిన ఊరు అందులో ముఖ్యమైనది.

కొత్తపల్లె రైతులు పంచాయతీతో సంబంధం లేకుండా, ఏ చట్టమూ అడగకుండా, తమకు తామే ఒక పెద్దల కమిటీ ఏర్పాటు చేసుకున్నారు. వరికి నీళ్లు పారించడానికి ఊరుమ్మడిన మనుషుల్ని పెట్టారు. నీళ్లు తక్కువైనప్పుడు ఏ మడికి ఎంత పారాలో చూసుకోవడం వాళ్ల పని. పంట కాపలాకు వేరే మనుషులు. పరాయి చేలో పడి మేసిన గొడ్డును పట్టి తెస్తే యజమాని తప్పు కట్టాలి.

మరి డబ్బు? కోతలయ్యాక బయటి నుంచి గొర్రెల మందలు వచ్చేవి. ఊరి మోళ్లలో మేపుకునే అవకాశం వాటికి ఊరే ఇచ్చేది. రాత్రిపూట మంద ఎవరి చేలో కట్టాలన్నదానికి వేలం. పెంట ఎరువు కోసం రైతులు పోటీపడి పాడేవారు. ఆ పాటలో ఊరి వాటా ఉమ్మడి నిధికి జమ. ఆ నిధిలోంచే ఊరి పనులు జరిగేవి, పై నుంచి నీళ్లు వదలడానికి కాలువ సిబ్బంది చేయి తడిపేదీ అందులోంచే.

ఇలాంటి ఏర్పాట్లు ఎక్కువగా చివరి ఆయకట్టు ఊళ్లలోనే కనిపించాయి. కాలువ మొదట్లో ఉన్న ఊళ్లకు నీళ్లకు కొదవ లేదు, కనుక కమిటీతో పనీ లేదు. చివరి ఊళ్లలో ఎవరికి వారు పోతే అందరి పైరూ ఎండేది. అంటే మంచితనంలో ఊరికీ ఊరికీ తేడా లేదు, తేడా అంతా అవసరంలో ఉంది. ఎలినార్ ఆస్ట్రమ్ ఉమ్మడి వనరుల మీద చేసిన పనికి 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె కూడా వేడ్ పరిశోధనను ఆసరా చేసుకున్నారు.

రైతులే నీళ్ల పంపకం చూసుకోవాలని 1997లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి పదివేలకు పైగా సాగునీటి వినియోగదారుల సంఘాలను ఒక్కసారిగా ఏర్పాటు చేసింది. ఉద్దేశం మంచిదే. కానీ నిధులు పై నుంచి వచ్చిన చోట సంఘం చూపూ పైకే ఉంటుంది. చాలాచోట్ల పనుల బిల్లులతో పాటే ఉత్సాహమూ అయిపోయింది.

అలాగని కొత్తపల్లెను నెత్తిన పెట్టుకోలేం. అక్కడ పెత్తనం భూమి ఉన్నవాళ్లది. నాట్లు వేసి కోతలు కోసిన కూలీలకు ఆ కమిటీలో చోటు లేదు. వాళ్లకు కట్టుబాటే గానీ మాట లేదు. దాన్ని ఊరంతటి సమాజం అనడం కష్టం.

ఈ లోటు పూడ్చే దారి కూడా మన దగ్గరే ఉంది. 1956లో తెలంగాణలోని ముల్కనూరులో ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో 14 ఊళ్ల రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. అప్పు ఇవ్వడం, పంట అమ్మిపెట్టడం రెండూ ఒకే గొడుగు కిందకు తెచ్చారు. తర్వాత అదే ప్రాంతపు మహిళలు పొదుపు సంఘాల బలంతో సొంత డెయిరీ నిలబెట్టారు. పాలు పోసేదీ వాళ్లే, ఓటు వేసేదీ వాళ్లే.

సంఘం పెట్టబోయే యువకులకు నేను చెప్పేది ఇంతే. పేరు, జెండా, ఆవిర్భావ సభ తర్వాత చూసుకోవచ్చు. ఒక్కరి వల్ల కాని పని ఏదో ముందు తేల్చుకోండి. దానికయ్యే డబ్బు మీలోంచే పుట్టే మార్గం చూడండి. తప్పు చేస్తే అధ్యక్షుడికీ అదే జరిమానా వేయండి. అందరికంటే తక్కువ ఉన్న సభ్యుడు లేచి లెక్క అడిగినప్పుడు, విసుక్కోకుండా జవాబు చెప్పే సంఘమే పెట్టినవాళ్లు పోయాక కూడా నిలుస్తుంది.