లాప్‌టాప్ ఇచ్చాక మిగిలిన పని
(వార్షిక సమావేశంలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

మీరిచ్చిన విరాళాలతో నిరుడు కొందరు పి.జి. విద్యార్థులకు లాప్‌టాప్‌లు కొనిచ్చాం. ఫొటోలు దిగాం, మా బాధ్యత తీరిందనుకున్నాం. తీరలేదని మాకు చెప్పింది ఒక అమ్మాయి.

ఆమె ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని. ప్రాజెక్టుకు ఉస్మానియా విశ్వవిద్యాలయపు అనువాద సంస్థ దారుల్ తర్జుమాను ఎంచుకుంది. 1918లో ఉస్మానియా ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. సైన్సు, చరిత్ర ఉర్దూలో బోధించాలంటే పుస్తకాలు కావాలి కదా! వాటికోసమే 1917లో ఆ సంస్థ పుట్టింది. అమ్మాయి గూగుల్‌లో ఆ పేరు కొట్టి, కనిపించిన నాలుగు పేజీలు చూసి, "ఏమీ దొరకట్లేదు సార్, టాపిక్ మార్చేస్తా" అంది. డబ్బిస్తే ప్రాజెక్టు రాసిపెట్టే దుకాణం ఒకటుందని కూడా ఎవరో ఆమె చెవిన వేశారట.

మా కమిటీలోని రిటైర్డ్ లెక్చరర్ ఆమె పక్కన కూర్చున్నారు. ముందుగా విజ్ఞాన సర్వస్వాలు తెరిపించారు. వ్యాసం రాయడానికి కాదు, పేర్లు, సంవత్సరాలు ఏరుకోవడానికి. ఇంగ్లీషులో ఆ సంస్థ పేరును ఒకరు 'తర్జుమా' అని, ఒకరు 'తర్జమా' అని, ఇంకొకరు 'ట్రాన్స్‌లేషన్ బ్యూరో' అని రాస్తారు. ఒక్క రూపంతో వెతికితే మిగతావి కంటపడవు. సంస్థను నడిపిన మౌల్వీ అబ్దుల్ హఖ్ పేరుతో వెతికితే మరికొన్ని తలుపులు తెరుచుకున్నాయి.

తర్వాత శోధ్‌గంగ. దేశంలోని విశ్వవిద్యాలయాల పిహెచ్.డి. గ్రంథాలు అక్కడ ఉచితం. అమ్మాయి మొదటి అధ్యాయం తెరవబోతే, ఆయన చివరనున్న గ్రంథసూచి తెరవమన్నారు. ఒకరు ఏళ్ల తరబడి వెతికి పెట్టిన జాబితా అది, మనకు ఊరికే దొరుకుతుంది! గూగుల్ స్కాలర్‌లో కవితా దాట్ల 2013లో ఉస్మానియాపై ప్రచురించిన పుస్తకం పేరు కొట్టి, దాన్ని ఉదహరించిన రచనలేవో చూశారు. అలా 2013 తర్వాత వచ్చిన పనీ తెలిసింది. జేస్టోర్‌లో ఉచిత ఖాతాతో నెలకు 100 వ్యాసాల వరకు ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు.

రేఖ్తాలో దారుల్ తర్జుమా పుస్తకాల స్కాన్ ప్రతులే కనిపించాయి. అయితే అమ్మాయికి ఉర్దూ లిపి రాదు. వాళ్ల నానీకి వచ్చు. ఆ రాత్రి నానీ కళ్లద్దాలు పెట్టుకుని లాప్‌టాప్‌లో ముఖపత్రాలు చదువుతుంటే మనవరాలు రాసుకుందట. టాపిక్ మారలేదు.

ఇక అసలు సంగతి. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. మన స్కాలర్‌షిప్ పిల్లల్లో ఎక్కువమంది ప్రైవేటు కళాశాలల వాళ్లే. మొదటి దశలో వాళ్లకా సౌకర్యం లేదు. కాబట్టి ఉచితంగా ఉన్నవాటిని వాడుకోవడం వీళ్లకు మరింత బాగా తెలియాలి.

అందుకే ఈ ఏడాది లాప్‌టాప్‌ల సంఖ్య తగ్గిస్తున్నాం. ఇది కొందరు దాతలకు నచ్చకపోవచ్చు, ఫొటోలో చూపించడానికి ఏమీ ఉండదు మరి. ఆ డబ్బుతో ఆఫీసు మేడమీద గదిలో నాలుగు కంప్యూటర్లు, నెట్ కనెక్షన్, లైబ్రరీ సైన్సు చదివిన ఒకరికి గౌరవ వేతనం ఏర్పాటు చేస్తాం. ఆదివారాలు అసర్ నుంచి మగ్రిబ్ దాకా గది తెరిచి ఉంటుంది. మీ ఇంటి పిల్లలనూ పంపండి. ఉర్దూ చదవగల పెద్దవాళ్లు వస్తే వాళ్లకూ ఒక కుర్చీ వేస్తాం.