సనదు పోయిన వకీలు సంతకం - మన ప్రమాణపత్రం చెల్లుతుందా?

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కోర్టంటే మనకు భయం. కాగితమంటే అంతకంటే భయం. కరణం రాసిన కాగితం మీద వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్న తాతల మనవళ్ళం, ఆ భయం ఊరికే రాలేదు. అందుకే ఇవ్వాళ ఒకే ఒక్క కాగితం గురించి మాట్లాడుకుందాం. ప్రమాణపత్రం. కోర్టు భాషలో అఫిడవిట్.

ఇట్లా అనుకుందాం. మన వాడలో ఒక ముసలమ్మకు ఎకరం అసైన్డ్ భూమి ఉంది. దాన్ని అమ్మినా, కొన్నా మామూలుగా చెల్లదని 1977 చట్టం చెప్తుంది. అయినా ఊళ్ళో పెద్దోళ్ళు ఆ చేలో నాగలి దించారు. అమ్మ కోర్టుకు పోయి ఇంజంక్షన్ అడిగింది. పిటిషన్ వెంట అఫిడవిట్ పెట్టింది. వాయిదా నాడు అవతలి ప్లీడరు లేచి, "అయ్యా, ఈ అఫిడవిట్ మీద సంతకం చేసినాయన పేరును బార్ కౌన్సిల్ ఎప్పుడో కొట్టేసింది. ఇది ప్రమాణమే కాదు, పిటిషన్ కొట్టెయ్యండి" అంటాడు. అమ్మ భూమి సంగతి లేదు, దౌర్జన్యం సంగతి లేదు. కేసంతా ఎవడో వకీలు చేసిన తప్పు మీదికి పోయింది. ఇక్కడ మనం నోరెళ్ళబెట్టి నిలబడితే ఎకరం పోతుంది.

అసలా సంతకం దేనికి? రాసిన మాట నిజమని మనం ప్రమాణం చేస్తాం. ప్రమాణం చేయించే అధికారం ఉన్న మనిషి ఎదురుగా ఉండి, "నా ముందు చేశారు" అని సంతకం పెడతాడు. ఆ ప్రమాణం అబద్ధమైతే జైలే. పాత శిక్షాస్మృతిలో 193వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 229. ఆ అధికారం ఎవరెవరికి ఉందో సివిల్ ప్రొసీజర్ కోడ్ 139వ సెక్షన్ చెప్తుంది: కోర్టు, మేజిస్ట్రేటు, నోటరీ, హైకోర్టు నియమించినవాళ్ళు. మన తెలుగు కోర్టుల్లో మరో ఆనవాయితీ కూడా ఉంది. ఆ కేసులో మన వకాల్తా లేని ఇంకో వకీలు చేత సంతకం చేయిస్తారు. చిక్కు వచ్చేది ఇక్కడే. వకీలుగా ఉన్నాడు కాబట్టి ఆయన సంతకానికి విలువ. వకీలు కాకుండా పోతే?

అవతలివాడు "పేరు కొట్టేశారు" అనగానే నమ్మెయ్యొద్దు. ఆర్డరు చూపించమనాలి. 1961 అడ్వొకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద బార్ కౌన్సిల్ మందలించి వదిలెయ్యొచ్చు, కొంతకాలం సస్పెండ్ చెయ్యొచ్చు, లేదా రోలు నుంచి పేరు తీసెయ్యొచ్చు. మందలింపుతో ఏమీ పోదు. సస్పెన్షన్ అయితే ఆ కాలానికే. పేరు తీసేసినా ఆయన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకు అప్పీలు పోవచ్చు, స్టే తెచ్చుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం తేదీ. మన అఫిడవిట్ మీద సంతకం పడిన రోజు ఆయన వకీలే అయితే, తర్వాత పేరు పోయినా మన కాగితానికి ఏమీ కాదు.

సంతకం చేసింది నోటరీగానా, వకీలుగానా? ఇది చాలామంది ప్లీడర్లు కూడా కలిపేసి మాట్లాడే సంగతి. నోటరీని నియమించేది 1952 నోటరీల చట్టం కింద ప్రభుత్వం. ఆ రిజిస్టరు వేరు, బార్ కౌన్సిల్ రోలు వేరు. నోటరీ పేరు తీసెయ్యాలంటే ఆ చట్టం 10వ సెక్షన్ కింద ప్రభుత్వం తీసెయ్యాలి. ఇక్కడ పోయినంత మాత్రాన అక్కడ దానంతటదే పోదు. మధ్యలో ఒక మాట. నోటరీ కావడానికి మామూలుగా పదేళ్ళ ప్రాక్టీసు అడిగే రూల్సు, ఎస్సీ, ఎస్టీలకు, వెనుకబడిన కులాలకు, ఆడవాళ్ళకు ఏడేళ్ళే అడుగుతాయి. మన పిల్లల్లో వకీళ్ళున్నారు, ఎంతమంది దరఖాస్తు పెట్టారు?

సరే, వాడు వకీలూ కాదు, నోటరీ కాదు అని తేలింది. అప్పుడు? అప్పుడు ఆ సంతకానికి బలం లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ సంతకం పోతే అమ్మ హక్కు పోదు. 1969 ప్రమాణాల చట్టం 7వ సెక్షన్ చూపించాలి. ప్రమాణం చేయించడంలో ఏ లోపం ఉన్నా దానివల్ల విచారణ చెల్లకుండా పోదని అందులో ఉంది. వకాల్తా, అప్పీలు కాగితాల మీద సంతకాల లోపాలు సరిదిద్దుకోదగ్గవే అని సుప్రీంకోర్టు 2005లో ఉదయ్‌శంకర్ త్రియార్ కేసులో చెప్పింది. కాబట్టి వాదన పెంచుకోకుండా అదే రోజు, "సరైన అధికారి ముందు కొత్త అఫిడవిట్ వేస్తాం, అనుమతించండి" అని చిన్న పిటిషన్ వెయ్యాలి. వాయిదాలకు వదిలితే పైరు వాడి ఇంటికి పోతుంది.

కొందరు వకీళ్ళు 1981 గోకరాజు రంగరాజు కేసు చెప్తారు. మన ఆంధ్రప్రదేశ్ కేసే, తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. నియామకం చెల్లని సెషన్స్ జడ్జీలు ఇచ్చిన తీర్పులు కూడా చెల్లుతాయన్నారు, ఎందుకంటే కుర్చీలో కూర్చున్న మనిషిని నమ్మి వచ్చిన జనం నష్టపోకూడదు. మంచి తీర్పు. అయితే అది జడ్జీల సంగతి. పైగా ఏ అధికారం లేకుండా దొంగతనంగా దూరినవాడికి అది వర్తించదు. సనదు పోయిందని తెలిసీ సంతకం పెట్టినవాడు ఈ రెండో రకానికే దగ్గర. వాదనకు వాడుకోండి, దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

మనకు ఇది ఇంకోచోట ముఖ్యం. అట్రాసిటీ జరిగితే స్టేషన్‌లో ఫిర్యాదుకు అఫిడవిట్ అక్కర్లేదు, ఎవరైనా అడిగితే అది తిప్పి పంపే ఎత్తు. కానీ ఎస్సై కేసు కట్టకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోతాం చూడండి, అక్కడ అఫిడవిట్ కావాలని 2015లో సుప్రీంకోర్టు అన్నది. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 175వ సెక్షన్‌లోనే రాసేశారు. కొట్టించుకున్నవాడే ముందు ప్రమాణం చెయ్యాలి! అది వేరే పోరాటం. ఆ సంహితే 333వ సెక్షన్‌లో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందు కూడా ప్రమాణం చెయ్యొచ్చని అంటుంది. అంటే మండలంలో తాసిల్దారు. క్రిమినల్ కోర్టు అఫిడవిట్ కోసం కోర్టు వసారాలో చెట్టుకింద బల్ల వేసుకున్నోడి దగ్గరికే పోనక్కర్లేదు. స్టాంపు కాగితం కొనిపిస్తారు, అదీ దండగే. కోర్టులో వెయ్యడానికి, పింఛను తీసుకోవడానికి రాసే అఫిడవిట్లకు 1899 స్టాంపుల చట్టం మినహాయింపు ఇచ్చింది.

సనదు పోయిన వకీలు ఎక్కడో ఒకడు. సనదు ఉండి కూడా మనిషిని చూడకుండా ముద్ర కొట్టేవాళ్ళు చాలామంది. గుమాస్తా తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకుపోతాడు, ఇంగ్లీషులో ఏదో టైపు చేస్తారు, అమ్మకు అందులో ఏముందో తెలియదు. ముద్దాయి ప్లీడరు "ఇందులో ఏం రాశారమ్మా?" అంటే అమ్మ దిక్కులు చూస్తుంది. చదువు రానివాళ్ళ అఫిడవిట్‌ను తెలుగులో చదివి వినిపించామని కిందే రాసి ఉండాలి. అది లేకుండా వేలిముద్ర వెయ్యనివ్వొద్దు. కింది కోర్టుల్లో తెలుగులోనే రాయించండి. సంతకం పెట్టినాయన పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, నోటరీ అయితే రిజిస్టరు వరస నంబరు కనపడాలి. అడిగితే కసురుకునేవాడి దగ్గర ఆ పని చేయించొద్దు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. జిల్లా కోర్టులో ఆఫీసు ఉంటుంది, తిరగండి.

పేరు కొట్టేసినాక కూడా నల్లకోటు వేసుకుని డబ్బు తీసుకున్నవాడి మీద అదే అడ్వొకేట్ల చట్టం 45వ సెక్షన్ ఉంది, ఆరు నెలల దాకా జైలు. ఫిర్యాదు మన సంఘం పేరున పెట్టాలి. ఒంటరిగా ఒక ముసలమ్మను ముందుకు తోసి మనం వెనక నిలబడకూడదు.

కేసు కాగితాలు సంచుల్లో తెచ్చుకున్నవాళ్ళు ఇటు రండి, ఒక్కొక్కటే చూద్దాం.