తిరుగుట యను మాటతో వచ్చిన చిక్కు



నేను మెట్రిక్యులేషను వరకే చదివినవాడను. నా ఇంగ్లీషు కొట్టులో ఉత్తరములు వ్రాయుచు నేర్చినది. ఒకమారు మా పెద్ద గుమాస్తా బాకీల వసూలుకై పల్లెలు తిరుగుచున్నారని పైయూరి వర్తకునికి వ్రాయవలసివచ్చి, 'వాండరింగ్' అని వ్రాసితిని. గమ్యము లేక తిరుగువానికి చెల్లు మాట యది. దారితెన్ను లేని మనిషి చేతికి పైక మెట్లు ఇత్తుమని బదులు వచ్చినది. ఆయన మా కొట్టులో పదునాలుగేండ్లు నమ్మకముగా పనిచేసిన మనిషి! 'ట్రావెలింగ్' అని వ్రాసియుండిన ఆ నింద పడకపోవును.

మన 'తిరుగు' ఎన్ని పనులకైనను వచ్చును. బండిచక్రము తిరుగును, ఊళ్లు తిరుగుదుము, ఇంటికి తిరిగి వత్తుము. ఇంగ్లీషున చక్రమునకు 'టర్న్', సాయంకాలము ఏటిగట్టున హాయిగా తిరుగుటకు 'స్ట్రోల్', పనిలేక ఒకచోట తారట్లాడుటకు 'లాయిటర్'. ఈ కడపటిది పోలీసు కాగితములలో కనబడు మాట. దరఖాస్తులు వ్రాయు పిల్లలు దాని జోలికి పోరాదు. 'మార్చ్' సిపాయిల అడుగు. 'ట్రడ్జ్' అనగా అలసి కాళ్లీడ్చుకొనుచు నడచుట.

'మూవ్' కాళ్లు లేనివానికిని చెల్లును. బేరము మందమైనపుడు సరకు కదలుట లేదందుము గదా, ఇంగ్లీషు వర్తకులును అట్లే యందురు. అచ్చట మాత్రము మాటకు మాట వేసినను నష్టము లేదు.

ఆ బదులుత్తరము సంగతి గుమాస్తాగారికి చెప్పుటకు నాకు వారము పట్టినది. విని ఆయన నవ్విరి. నాకు నవ్వు రాలేదు.