ఆ కంపెనీ ఎన్నాళ్ళుంటాది బాబూ?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరువి కదా, ఏదైనా టెక్నాలజీ గురించి మాట్లాడమన్నారు కార్యదర్శి గారు. కృత్రిమ మేధ గురించి మీరు రోజూ వింటూనే ఉన్నారు. నేను ఇప్పుడు లేని ఒక వీడియో గేముల కంపెనీ గురించి చెబుతాను. అందులో నేను ఒప్పుకోవలసిన తప్పు కూడా ఒకటి ఉంది.

2003 సంక్రాంతికి బెంగళూరు నుంచి విజయనగరం వచ్చినప్పుడు, మూడు లాంతర్ల దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపారు. జూట్ మిల్లు కార్మికుడు. ఆయన కొడుకు మన బడిలోనే నాకన్నా పన్నెండేళ్ళు వెనక చదివాడు. "మా గుంటడికి మీ బెంగుళూర్లో ఆటలు సేసే కంపెనీలో ఉజ్జోగం ఒచ్చిందట. ఆ కంపెనీ ఎన్నాళ్ళుంటాది బాబూ?" అని అడిగారు. గేటుకు లాకౌట్ నోటీసు చూసి క్యారేజీతో ఇంటికి తిరిగొచ్చిన మనిషి ఇంకేం అడుగుతాడు? నేను క్షణమైనా ఆలోచించకుండా, "ఎక్కువ రోజులుండదండీ, బ్యాంకు పరీక్షలు రాయమనండి" అనేశాను.

ఆ కంపెనీ ధ్రువ ఇంటరాక్టివ్. రాజేశ్ రావు గారు 1997లో బెంగళూరులో పెట్టారు. మన దేశంలో వీడియో గేముల పని మొదలుపెట్టిన తొలి సంస్థల్లో అదొకటి. ఫ్రాన్సుకు చెందిన ఇన్ఫోగ్రామ్స్ కోసం 'మిషన్ ఇంపాజిబుల్' పీసీ ఆట పని చేపట్టారు గానీ ఆ ఆట బజారుకు రాలేదు. అలాంటి దెబ్బ తిన్నా నిలబడి, బయటి దేశాల ఆటలకు బొమ్మలు చేసిచ్చే పని ప్రధానంగా పట్టుకున్నారు. 2005లో థామస్ ఫ్రీడ్‌మన్ 'ది వరల్డ్ ఈజ్ ఫ్లాట్' పుస్తకంలో ఈ కంపెనీ గురించి రాశారు.

కుర్రవాడు నా మాట వినలేదు, వెళ్ళి చేరాడు. అయిదారేళ్ళ తర్వాత ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, ఆటలో కారు ఎలా తయారవుతుందో మా అమ్మాయి నోటుపుస్తకంలో గీసి చూపించాడు. మైక్రోసాఫ్ట్ వారి 'ఫోర్జా మోటార్‌స్పోర్ట్' అని కార్ల పందెం ఆట ఉంది. అందులోని కార్ల పని ధ్రువలోనూ జరిగింది.

కారును అన్ని వైపుల నుంచీ తీసిన ఫోటోలు ముందు పెట్టుకుని, వల అల్లినట్టు చిన్న చిన్న పలకలతో దాని ఆకారం కడతారు. పలకలు ఎక్కువైతే బొమ్మ నున్నగా వస్తుంది, కానీ యంత్రం మీద బరువు పడి ఆట నత్తనడక నడుస్తుంది. అందుకని ఒకే కారుకు కొన్ని రూపాలు చేస్తారు. దగ్గరికొస్తే హెడ్‌లైటు అద్దం మీది గాడి కూడా కనిపించాలి. దూరం పోయేకొద్దీ పలకలు తగ్గిపోవాలి. తగ్గిన సంగతి ఆడేవాడి కంటికి తెలియకూడదు. ఏ గీత తీసేసినా కారు కారులాగే ఉంటుందో, ఏది తీస్తే పాడవుతుందో కనిపెట్టడమే అక్కడ పనితనం.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావురా?" అన్నాను.

"డ్రాయింగు మాస్టారి దగ్గరే అన్నయ్యా. గంటస్తంభం బొమ్మ వేయించి, మరుసటి వారం దాన్నే పది గీతల్లో వేయమనేవారు కదా!"

నాకు గుర్తులేదు. మా బ్యాచికి డ్రాయింగు పీరియడ్లో లెక్కలు చెప్పేవారు. ఎవరు చెప్పేవారో నేను వేదిక వైపు చూడను.

ఆ తర్వాత ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. పైడితల్లి అమ్మవారి పటం పక్కన ఇంకో పటం ఉంది. ఒక ఆట చివర వచ్చే పేర్ల పట్టికకు ఫోటో తీసి, ఫ్రేము కట్టించాడు కొడుకు. "ఇందల మావోడి పేరేది బాబూ?" అన్నారు పెద్దాయన. కళ్ళజోడు సవరించుకుని వెతికి, వేలు పెట్టి చూపించాను. 2003లో అన్న మాట గురించి అప్పుడే ఏదైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆయన ఇప్పుడు లేరు.

2016 చివర్లో స్వీడన్‌కు చెందిన స్టార్‌బ్రీజ్ ధ్రువలో మెజారిటీ వాటా కొంది. ఆ కంపెనీయే ఇబ్బందుల్లో పడి, 2019లో తన వాటాను 79 లక్షల డాలర్లకు రాక్‌స్టార్ గేమ్స్‌కు అమ్మేసింది. మీ పిల్లలు ఆడే 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో' వాళ్ళదే. ధ్రువ వాళ్ళు రాక్‌స్టార్ ఇండియాలో కలిశారు, ధ్రువ అన్న పేరు పోయింది. లెక్క వేస్తే 22 ఏళ్ళు. పెద్దాయన అడిగింది కొడుకు బతుకు గురించి, నేను జవాబిచ్చింది కంపెనీ గురించి.

ఒక లోటు మాత్రం ఒప్పుకోవాలి. మన హైదరాబాదులో ఆరోనా టెక్నాలజీస్ 2009లో ప్లేస్టేషన్ 2కు హనుమంతుడి మీద ఆట చేసింది. ధ్రువ అనగానే అలా చప్పున గుర్తొచ్చే సొంత ఆట నాకు ఒక్కటీ లేదు. వాళ్ళ కార్లన్నీ పరాయి పేరు మీదే పరుగెత్తాయి. ఆ మాటంటే మా తమ్ముడికి కోపం. "చెయ్యి మాదే కదా అన్నయ్యా" అంటాడు. ఇప్పుడు అతని కింద బొమ్మలు చేసేవాళ్ళు ముప్ఫై మంది. ఎవరు కొత్తగా చేరినా మొదటి వారం కంప్యూటరు ముట్టనివ్వడు, పెన్సిలే ఇస్తాడు.

అతను ఈరోజు రాలేకపోయాడు. కంప్యూటరు మీద బొమ్మలు వేసే పెన్ టాబ్లెట్లు పది పంపాడు, ఆఫీసు రూములో ఉన్నాయి. డ్రాయింగు మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టు ఖాళీగానే ఉందని హెడ్మాస్టరు గారు అన్నారు. పోస్టు భర్తీ అయ్యేదాకా వారానికి రెండు రోజులు నేర్పేవారికి జీతం మా బ్యాచి ఇస్తుంది. ఆ పీరియడ్లో లెక్కలు చెప్పకూడదన్నది ఒక్కటే షరతు.