సముద్రపు అడుగున నడిచే తరంగాలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

సముద్రపు అడుగున నేల వెంట పాకే తరంగాలను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

రైలుపట్టాకు చెవి ఆనించి దూరాన వచ్చే బండిని వినడం చిన్ననాట చాలామంది చేసినదే. (ఇప్పుడెవరూ చేయరాదు సుమండీ!) గాలిలో వినరాని చప్పుడు ఉక్కు వెంట ముందే వస్తుంది. అట్లే నీరూ నేలా కలిసే హద్దును పట్టుకొని ఒక తరంగము నడుస్తుంది. 1940ల నాటి డచ్చి శాస్త్రజ్ఞుడు షోల్టె పేరే దానికి వచ్చింది. హద్దునుంచి పైకి పోయినా, కిందికి పోయినా దాని బలము సన్నగిల్లుతుంది. కనుక బాగుగా వినాలంటే అడుగునే చెవి పెట్టాలి.

త్వరగా కంపించే తరంగము పైనున్న మెత్తని బురదలోనే తిరుగుతుంది. దాని నడకా మందమే. నెమ్మదిగా కంపించేది పొడవైనది గనుక లోతున్న గట్టి పొరలను తాకి వేగంగా పోతుంది. సెకనుకు ఒక కంపనముతో, 400 మీటర్ల వేగముతో పోయే తరంగము పొడవు 400 మీటర్లు. ఏ కంపనము ఎంత వేగముతో వచ్చిందో కొలిస్తే, ఏ లోతున నేల ఎంత గట్టిదో త్రవ్వకుండానే తెలుస్తుంది.

మరి నేలను కదిలించేదెవరు? సముద్రమే. ఎదురెదురుగా వచ్చే అలలు కలిసినప్పుడు, వాటికి రెట్టింపు కంపనముగల ఒత్తిడి అడుగుదాకా పోతుందని 1950లో లాంగెట్ హిగ్గిన్స్ లెక్కకట్టి చూపారు.

నార్వేవారి ఉత్తర సముద్రభాగములో వాల్‌హాల్ అనే చమురుక్షేత్రమున్నది. లోతు సుమారు 70 మీటర్లు. 1982 నుంచి చమురు తీయగా తీయగా అక్కడి సముద్రతలము కొన్ని మీటర్లు కుంగింది. 2003లో అడుగున శాశ్వతంగా తీగలు పరచి, కంపనాలను పట్టే సాధనాలు అమర్చారు. ఓడనుంచి గాలితుపాకులు పేల్చి, ప్రతిధ్వనిని పట్టడానికే అవి పెట్టినవి. పేలుళ్ళు లేనప్పటి రొదను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు పరిశీలించారు. రెండేసి సాధనాల రొదను పోల్చి చూడగా షోల్టె తరంగాలు బయటపడ్డవి. పూడిపోయిన పాత కాలువల జాడలు కూడా పటములో తేలినవి.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ముంబయికి పడమట సుమారు 160 కిలోమీటర్ల దూరాన, 1974లో చమురు దొరికిన ముంబయి హై వద్ద కూడా సముద్రము లోతు సుమారు 75 మీటర్లే. అక్కడి ఉక్కు మంచెలపైనా బిడ్డలుగలవారే రేయింబవళ్ళు పనిచేస్తున్నారు. అట్టివారికి కాళ్ళకింది నేల సంగతి ముందుగా తెలియడం వినోదము కాదు, ప్రాణావసరము. మన సంఘపు పిల్లలలో ఒకరిద్దరైనా యీ విద్య నేర్వాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.