బడికి గ్రౌండుంటే చాలదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘంలో పెద్ద బ్యాచ్‌లవాళ్ళు మనవలకు, చిన్న బ్యాచ్‌లవాళ్ళు పిల్లలకు బడులు వెతుకుతున్నారు. ప్రైవేటు బడి ఎంచుకునేటప్పుడు ఆటలకు ఎంత విలువివ్వాలి, దానికోసం ఎంత ఫీజు కట్టొచ్చు అనేదాని మీద మాట్లాడతానని కమిటీవారికి చెప్పాను. ఈ విషయంలో నేను పండితుణ్ణి కాను. ఒకసారి దెబ్బతిన్నవాణ్ణి.

మన రోజుల్లో ఈ బెడద లేదు. ఊళ్ళో ఉన్నది ఒకటే హైస్కూలు, దానికి ఒకటే గ్రౌండు, ఒకరే డ్రిల్లు మాస్టారు. సిలబస్ మిగిలిపోయింది, డ్రిల్లు పీరియడు ఇవ్వండి అని లెక్కల మాస్టారు వచ్చినా ఆయన ఇచ్చేవారు కాదు. నేను ఆటగాణ్ణి కాదని మీ అందరికీ తెలుసు. ఖోఖోలో అందరికంటే ముందు అవుటయ్యేది నేనే. అయినా ఐదేళ్ళు ఆడాను. ఎందుకంటే ఆడకుండా తప్పించుకునే వీలు ఆయన ఎవరికీ ఇవ్వలేదు.

2012లో మా వాడు ఆరో తరగతికి వచ్చాడు. అప్పటికి హైదరాబాద్‌లో ఉన్నాం. రెండు బడులు చూశాం. ఒకటి ఇంటికి పది నిమిషాల నడక. మూడంతస్తుల భవనం, వెనక చిన్న పెరడు. ఏడాదికి 45 వేలు. రెండోది ఊరి చివర, 18 కిలోమీటర్లు. క్రికెట్ గ్రౌండు, ఈతకొలను, 400 మీటర్ల ట్రాకు. ఫీజు లక్షా 60 వేలు, బస్సుకి మరో 30 వేలు.

నేను ఆ ట్రాకు చూసి పడిపోయాను. ఎనిమిది లేన్లతో 400 మీటర్ల ట్రాకు వేయాలంటే దాదాపు నాలుగెకరాలు కావాలి. ఈ రోజుల్లో నాలుగెకరాలు ఆటకు వదిలారంటే వీళ్ళకి పిల్లలంటే ఎంత ప్రేమో అనుకున్నాను. మా ఆవిడ మాత్రం ఒక్క మాట అడిగింది: "గ్రౌండు బాగానే ఉంది గానీ, అందులో పిల్లలేరండీ?" మేం వెళ్ళింది మామూలు పనిరోజు, మధ్యాహ్నం మూడున్నరకి. క్లాసుల్లో ఉంటార్లే అన్నాను. ప్రావిడెంట్ ఫండులోంచి తీసి ఫీజు కట్టాను.

జులైలో క్రికెట్ సెలక్షన్లు పెట్టారు. 16 మందిని తీసుకున్నారు. వాళ్ళలో మావాడు లేడు. ఇక ఆ గ్రౌండు ఆ 16 మందిది. మిగతావాళ్ళకి వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు. అందులో ఒకటి యూనిట్ టెస్టులకు పోయేది. రెండోది ఈతది, దానికి ఫీజు వేరు. సాయంత్రం ఉండి ఆడదామంటే 3:40కే బస్సు కదిలేది. పొద్దున 6:50కి బస్సెక్కినవాడు ఇంటికి చేరేసరికి ఐదుంపావు. వచ్చీ రాగానే సోఫాలో కూలబడేవాడు.

మూడేళ్ళు గడిచాయి. ఎనిమిదో తరగతి చివర్లో, మా ఇంటి మెట్లు రెండంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ నిలబడ్డాడు. పదమూడేళ్ళ పిల్లాడు. ఏంట్రా ఇది, అంత పెద్ద గ్రౌండు పెట్టుకుని అని కసిరాను. వాడు కోప్పడలేదు. "నాన్నా, ఆ ట్రాకు మీద నేను నడిచింది స్పోర్ట్స్ డే మార్చ్‌పాస్ట్‌కే. మూడుసార్లు" అన్నాడు.

ఆ రాత్రి లెక్క వేశాను. ఏటా పెంచింది వదిలేసినా మూడేళ్ళకి ఐదు లక్షల 70 వేలు. ఇంటి దగ్గర బడికైతే లక్షా 35 వేలు అయ్యేది. తేడా నాలుగు లక్షల 35 వేలు. ఒక్కో మార్చ్‌పాస్ట్‌కి ఎంత పడిందో మీరే భాగించుకోండి.

అమ్మాయిని ఇంటి దగ్గర బడిలోనే వేశాం. అక్కడ ఒక పీఈటీ మేడమ్ ఉండేవారు. ఆ పెరట్లోనే ఒక కోర్టు గీయించారు. కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. అంటే 155 గజాలు. వాలీబాల్‌ది 18 మీటర్లు, 9 మీటర్లు. దాదాపు 194 గజాలు. మనం ఇల్లు కట్టుకునే ప్లాటంత చోటు! రోజూ వంతులవారీగా ప్రతి సెక్షనూ అందులో దిగాల్సిందే. శనివారం మున్సిపల్ గ్రౌండుకి నడిపించుకెళ్ళేవారు. మా అమ్మాయికి ఒక్క కప్పూ రాలేదు. కానీ ఇవాళ్టికీ ఉద్యోగం నుంచి రాగానే బూట్లు కట్టుకుని పరుగుకి వెళ్తుంది. మావాడికి ఆ అలవాటు పాతికేళ్ళు దాటాకగానీ రాలేదు, అదీ డాక్టరు చెబితే.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బడికి ఆటస్థలం ఉండాలని రాశారు. ఎంత ఉండాలో రాయలేదు. 2018లో సీబీఎస్ఈ 9 నుంచి 12 తరగతులకు రోజూ ఒక వ్యాయామ పీరియడు ఉండాలంది. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. పిల్లాడి ఒంటిమీదికి ఎంత వచ్చిందన్నది మనం వెళ్ళి చూసుకోవాలి.

అందుకని నాలుగు మాటలు అడగండి. పదో తరగతి టైమ్‌టేబుల్ చూపించమనండి, ఆరోదొద్దు. ఆటల పీరియడు పదిలో కూడా బతికి ఉంటే ఆ బడి మాట నమ్మొచ్చు. ఎంతమంది పిల్లలకి ఎంతమంది పీఈటీలో అడగండి. జట్టులోకి రాని పిల్లాడు సాయంత్రం ఏం చేస్తాడో, ఆడపిల్లలకి గ్రౌండు ఏ వేళ దొరుకుతుందో అడగండి. బస్సు, బూట్లు, కిట్టు, కోచింగు, టోర్నమెంటు ప్రయాణాలు కలిపి మొత్తం ఎంతో రాసివ్వమనండి. చెప్పకుండా ఒకసారి సాయంత్రం గేటు దగ్గర నిలబడి చూడండి.

పెద్ద గ్రౌండున్న బడులన్నీ ఇలాంటివేనని నేననను. పిల్లకి నిజంగా ఆటలో పట్టుంటే ఖర్చు పెట్టండి. హకీంపేటలో 1993 నుంచి ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది, నాలుగో తరగతిలోనే పరీక్షలు పెట్టి తీసుకుంటారు, అదీ చూడండి. 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచి, మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి పేదింటి పిల్ల. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి కంటపడింది కాబట్టే ఆ దారి దొరికింది. ఏ బడికైనా ఆ కన్ను ముఖ్యం.

చివరిగా మన బడి సంగతి. స్వర్ణోత్సవ నిధితో గ్రౌండుకి తూర్పు వైపున ఆడిటోరియం కట్టాలని ఒక ప్రతిపాదన ఉంది. కట్టడాలు నా వృత్తి. ప్లాను గీసిమ్మంటే గీసిస్తాను. కానీ నిన్న సాయంత్రం వెళ్ళి చూశాను. ఖోఖో స్తంభాలు లేవు, గడ్డి మోకాలెత్తు ఉంది. డ్రిల్లు మాస్టారి పోస్టు ఖాళీ అన్నారు. ఆ పోస్టు భర్తీ అయ్యేదాకా ఒక వ్యాయామ శిక్షకుణ్ణి మన సంఘం పెట్టుకుందాం. మొదటి ఏడాది జీతం నేనిస్తాను. ఆడిటోరియం తర్వాత ఆలోచిద్దాం, కట్టినా గ్రౌండులో వద్దు.

మన డ్రిల్లు మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు. మాస్టారూ, మీ జట్టుకి నేను ఒక్క పాయింటూ తేలేదు. అయినా ఒక్కరోజు కూడా నన్ను గట్టు మీద కూర్చోనివ్వలేదు. అందుకు మీకు నమస్కారం.